ఫ్రీగా ఫోటోలు తీసి ఇస్తే ట్యాక్స్‌లో ఏం వస్తుంది, ఏం రాదు: అమెరికాలో ఫోటోగ్రాఫర్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇది అమెరికాలో ఉండి ఫోటోగ్రఫీ చేసే మనవాళ్ల కోసం. స్టూడియో పెట్టుకుని ఫుల్‌టైమ్ చేసేవాళ్లు ఉన్నారు, వారమంతా ఉద్యోగం చేసుకుని వీకెండ్‌లో పెళ్లిళ్లు, బర్త్‌డేలు తీసేవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. వీళ్లందరికీ ఒకటే ఫోన్ వస్తుంది: "మా నాన్‌ప్రాఫిట్ ఫంక్షన్ ఉందండీ, బడ్జెట్ లేదు, మీరు ఫ్రీగా తీసి పెడితే ట్యాక్స్‌లో రాసేసుకోవచ్చు." ఆ అడగడంలో తప్పేం లేదు, కానీ చివర్లో చెప్పే ట్యాక్స్ మాట మాత్రం చాలావరకు కరెక్టు కాదు. అది నమ్మి రిటర్న్‌లో రాసేసి తర్వాత నోటీసు తెచ్చుకోకూడదనే ఇదంతా రాస్తున్నా. ఇక్కడ చెప్పేవన్నీ ఫెడరల్ రూల్స్, మీ స్టేట్‌వి వేరేగా ఉండొచ్చు.

నా రేటు రోజుకి 1500 డాలర్లు. ఒక చారిటీకి రోజంతా ఫ్రీగా తీశాను. 1500 డొనేషన్‌గా రాసుకోవచ్చా?

రాసుకోలేరు. ఒక్క డాలర్ కూడా. ఇన్‌కమ్ ట్యాక్స్ చట్టంలో డొనేషన్ల గురించి చెప్పేది సెక్షన్ 170, దాని కింద ఉన్న రెగ్యులేషన్‌లో సేవల విలువకి డిడక్షన్, అంటే ట్యాక్స్ వేసే ఆదాయంలోంచి తీసేసుకోవడం, లేదని డైరెక్ట్‌గా రాసి ఉంది. ఫెడరల్ ట్యాక్స్ వసూలు చేసే ఐఆర్ఎస్ వాళ్ల పబ్లికేషన్ 526లో కూడా టైమ్‌కి, సర్వీస్‌కి విలువ కట్టి తీసేసుకోకూడదని మామూలు భాషలోనే ఉంటుంది. మీరు ఎంత పెద్ద ఫోటోగ్రాఫర్ అయినా, మార్కెట్‌లో మీ రేటు ఎంత ఉన్నా ఇది మారదు. ఎడిటింగ్‌కి కూర్చున్న గంటలకీ ఇదే రూల్, ఎందుకంటే అది కూడా మీ టైమే.

డబ్బు ఇచ్చినవాళ్లకి డిడక్షన్ వచ్చి, కష్టం ఇచ్చినవాళ్లకి రాకపోతే అన్యాయం కదా?

వినగానే అలాగే అనిపిస్తుంది, కానీ లెక్క వేసి చూస్తే అర్థమవుతుంది. మీరు 1500 తీసుకుని ఉంటే అది మీ ఇన్‌కమ్, దానిమీద ట్యాక్స్ కట్టాలి. ఆ 1500 తిరిగి చారిటీకి ఇస్తే 1500 డిడక్షన్, అంటే కాగితం మీద ఇన్‌కమ్ ట్యాక్స్ వరకు సున్నా. ఫ్రీగా చేస్తే మొదట్లోనే ఇన్‌కమ్ రాలేదు, ట్యాక్సూ లేదు, అక్కడా సున్నానే. ఇన్‌కమ్‌గా చూపించని డబ్బుని మళ్లీ డిడక్షన్‌గా కూడా తీసుకుంటే అదే 1500కి రెండుసార్లు లాభం వచ్చినట్టు. అందుకే ఒప్పుకోరు. ఫ్రీగా కేసు వాదించే లాయర్‌కి, ఫ్రీ క్లినిక్‌లో కూర్చునే డాక్టర్‌కి, చారిటీ లెక్కలు ఊరికే చూసిపెట్టే సీపీఏకి కూడా ఇదే రూల్, ఫోటోగ్రాఫర్లనే పక్కన పెట్టారని అనుకోవద్దు.

అయితే 1500కి ఇన్వాయిస్ పంపి, చెక్ తీసుకుని, అదే డబ్బు వాళ్లకే డొనేట్ చేస్తే?

చేయొచ్చు, ఇల్లీగల్ ఏం కాదు, కానీ చాలామందికి నష్టమే. ఎందుకో చూడండి. మీకు వచ్చిన 1500 రిటర్న్‌లో బిజినెస్ లెక్కలు రాసే షెడ్యూల్ సీలో ఇన్‌కమ్‌గా పడుతుంది, దానిమీద ఇన్‌కమ్ ట్యాక్స్‌తో పాటు సొంత పని చేసుకునేవాళ్లు కట్టే సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ కూడా ఉంటుంది. అది నెట్ ఇన్‌కమ్‌లో 92.35 శాతం మీద 15.3 శాతం, అంటే ఈ 1500 మీద దాదాపు 212 డాలర్లు. మీ డొనేషన్ మాత్రం షెడ్యూల్ సీలోకి రాదు, అది పర్సనల్‌గా, డిడక్షన్లు ఒక్కొక్కటిగా రాసే షెడ్యూల్ ఏలో వేసుకోవాలి, కాబట్టి ఆ 212ని అది ఏమాత్రం తగ్గించదు. పైగా మీరు ఒక్కొక్కటిగా రాయకుండా ఒకే స్థిర మొత్తం తీసేసుకునే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లయితే షెడ్యూల్ ఏ వాడరు కదా, అప్పుడు 1500 మీద ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా కట్టి, చేతిలో డబ్బు లేక, డిడక్షనూ లేక మిగిలిపోతారు. ఉద్యోగం జీతమే సోషల్ సెక్యూరిటీ లిమిట్ దాటిపోయినవాళ్లకి, 2025లో ఆ లిమిట్ 176100 డాలర్లు, ఆ 15.3లో పెద్ద భాగం తగ్గుతుంది, అయినా లాభమైతే రాదు.

నా మాట వింటే, ఫ్రీగా చేయాలనుకుంటే ఫ్రీగానే చేయండి, డబ్బుని అటూ ఇటూ తిప్పొద్దు.

100 శాతం డిస్కౌంట్ చూపిస్తూ సున్నా ఇన్వాయిస్ పంపడం వల్ల ఉపయోగం ఉందా?

ట్యాక్స్‌కి లేదు. వేరే వాటికి చాలా ఉంది, నేనైతే తప్పకుండా పంపమంటాను. మీ పని విలువ ఎంతో అవతలివాళ్లకి తెలుస్తుంది, వచ్చే ఏడు కమిటీ మారి కొత్తవాళ్లు వచ్చినా ఫైల్‌లో ఉంటుంది, "పోయినసారి ఊరికే తీశారు కదా" అని కాకుండా "పోయినసారి 1500 పని ఉచితంగా చేశారు" అని చదువుతారు. సగం రేటుకి చేసినా ఇంతే. తీసుకున్న సగం ఇన్‌కమ్, వదిలేసిన సగం డిడక్షన్ కాదు.

మరి అసలు ఏం రాసుకోవచ్చు?

మీ జేబులోంచి పెట్టిన ఖర్చు. ఆ పని కోసమే ప్రత్యేకంగా పెట్టిన డబ్బు, చారిటీ తిరిగి ఇవ్వనిది, మీ సొంత అవసరాలకి సంబంధం లేనిది. ఈ మూడూ కలిస్తే అది డొనేషన్ కింద వస్తుంది.

ఆ ఈవెంట్ కోసమని అద్దెకి తెచ్చిన లైట్లు, ప్రింట్లు వేయించి వాళ్లకే ఇచ్చేస్తే ల్యాబ్ బిల్లు, ఆల్బమ్ ఖర్చు, ఫోటోలు పెట్టి వాళ్లకి ఇచ్చేసిన పెన్‌డ్రైవ్, కొరియర్ ఛార్జీలు, ఆ రోజు వాడిపడేసిన బ్యాక్‌డ్రాప్ పేపర్, ఫిల్మ్ మీద తీసేవాళ్లయితే ఫిల్మ్, డెవలపింగ్. పార్కింగ్, టోల్ కూడా. చారిటీ వాళ్లు వాళ్ల యూనిఫామే వేసుకోవాలని పెట్టి, అది మామూలుగా బయట వేసుకునేది కాకపోతే దాని ఖరీదు, ఉతికించే ఖర్చు కూడా వస్తాయి. మీకున్న నల్ల ప్యాంటు, నల్ల షర్టు మాత్రం రావు.

పిల్లల్ని చూసుకోడానికి బేబీసిట్టర్‌ని పెట్టి వెళ్లారనుకోండి, అది రాదు. ఆ ఖర్చు లేకుండా మీరు వెళ్లలేని పరిస్థితి అయినా సరే, ఐఆర్ఎస్ దాన్ని ఇంటి ఖర్చుగానే చూస్తుంది. ఒంటరిగా పిల్లల్ని పెంచుతూ వాలంటీర్ చేసేవాళ్లకి ఇది నిజంగా బాధ కలిగించే రూల్, కానీ రూల్ అదే.

కారులో వెళ్లొస్తే మైలుకి ఎంత?

14 సెంట్లు. అవును, 14 మాత్రమే. బిజినెస్ పని మీద వెళ్తే 2025లో మైలుకి 70 సెంట్లు ఉంది, చారిటీకి 14. ఈ తేడా ఎందుకంటే బిజినెస్ రేటుని ఐఆర్ఎస్ ఏటా ఖర్చులు చూసి మారుస్తుంది, చారిటీ రేటు మాత్రం చట్టంలోనే అంకె రాసేశారు, కాంగ్రెస్ మారిస్తేనే మారుతుంది. 1998 నుంచి అదే 14. అప్పటి పెట్రోల్ ధర ఎక్కడ, ఇప్పటిది ఎక్కడ. వాలంటీర్లు మీల్స్ మోసుకెళ్తారు, పేషెంట్లని హాస్పిటల్‌కి తీసుకెళ్తారు, వాళ్లందరికీ ఇదే రేటు. దీన్ని మార్చాలని గట్టిగా అడగాల్సిన అవసరం ఉంది.

పోను, రాను కలిపి 60 మైళ్లు అయితే 8 డాలర్ల 40 సెంట్లు. దీనికి బదులు ఆ ట్రిప్‌కి పట్టిన గ్యాస్, ఆయిల్ అసలు ఖర్చు రాసుకోవచ్చు, మైలేజ్ తక్కువ ఇచ్చే పెద్ద బండి అయితే అదే ఎక్కువ రావొచ్చు. కానీ ఇన్సూరెన్స్, టైర్లు, రిపేర్లు, రిజిస్ట్రేషన్, బండి అరుగుదల ఇవేవీ అందులో కలపకూడదు. ఏ పద్ధతి తీసుకున్నా పార్కింగ్, టోల్ విడిగా వేసుకోవచ్చు. తేదీ, ఎక్కడికి, ఏ సంస్థ కోసం, ఎన్ని మైళ్లు, ఈ నాలుగూ అదే రోజు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. ఏప్రిల్‌లో కూర్చుని గుర్తుచేసుకుని రాసిన లాగ్‌కి ఆడిట్‌లో విలువ ఉండదు.

ఇంకో ఊళ్లో కన్వెన్షన్ ఉంది, ఫ్లైట్, హోటల్ నేనే పెట్టుకుని వెళ్లి కవర్ చేశాను. వస్తుందా?

అక్కడ మీరు నిజంగా పనిలో ఉన్నారా అన్నదే ప్రశ్న. మూడు రోజులూ పొద్దున్నుంచి రాత్రిదాకా కెమెరా పట్టుకుని తిరిగితే ఫ్లైట్, హోటల్, అక్కడ తిన్న భోజనం, హోటల్ నుంచి హాల్‌కి ట్యాక్సీ అన్నీ వస్తాయి. పని చేస్తూ ఎంజాయ్ చేస్తే తప్పులేదు, చట్టం అడిగేది ట్రిప్‌లో చెప్పుకోదగ్గంత వెకేషన్ ఉండకూడదని. ఒక సాయంత్రం రెండు గంటలు ఫోటోలు తీసి, మిగతా నాలుగు రోజులు కుటుంబంతో ఊరు చూస్తే ట్రిప్ ఖర్చులు రావు. భార్యాపిల్లల టికెట్లు ఎలాగూ రావు. లోకల్‌గా ఒక్కరోజు పనికి వెళ్లి మధ్యలో తిన్న లంచ్ కూడా రాదు, రాత్రి ఇంటికి దూరంగా ఉండాల్సి వచ్చినప్పుడే భోజనం లెక్కలోకి వస్తుంది.

కెమెరా షట్టర్ అరిగింది, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి నెలనెలా కడుతున్నాను, వీటిలో కొంత వాటా రాసుకోవచ్చా?

లేదు. అరుగుదల అంటే మీరు ఆ రోజు చేత్తో ఇచ్చిన డబ్బు కాదు, డొనేషన్‌గా లెక్కించరు. సాఫ్ట్‌వేర్ కూడా ఈ చారిటీ ఉన్నా లేకపోయినా కట్టేదే, దీని కోసమే పెట్టిన ఖర్చు కాదు.

బిజినెస్ ఉన్నవాళ్లు ఇంకో సంగతి గమనించాలి. కెమెరా కొన్న ఏడాదే సెక్షన్ 179 కింద మొత్తం ఖరీదు రాసేసుకున్నారంటే, దాని వాడకంలో సగానికి మించి బిజినెస్ ఉండాలి. కొన్నాక ఎక్కువగా ఉచిత పనులకీ ఇంటి ఫోటోలకీ వాడుతూ బిజినెస్ వాటా సగానికి పడిపోతే, తీసుకున్న డిడక్షన్‌లో కొంత వెనక్కి ఇన్‌కమ్‌గా కలపాల్సి వస్తుంది.

దీన్ని డొనేషన్ అనకుండా అడ్వర్టైజింగ్ అని షెడ్యూల్ సీలో వేసుకుంటే?

మీ టైమ్ విలువ అయితే ఏ పేరు పెట్టినా ఎక్కడా రాదు, అది ముందు గుర్తుపెట్టుకోండి. ఖర్చుల విషయానికొస్తే, నిజంగా బిజినెస్ కోసమే చేశారా అన్నది చూస్తారు. ఫండ్‌రైజర్‌లో మీ స్టూడియో పేరుతో ఫోటో బూత్ పెట్టి, కార్డులు పంచి, దానివల్ల కస్టమర్లు వస్తారని న్యాయంగా ఆశించే పరిస్థితి ఉంటే ఆ ఖర్చులు బిజినెస్ ఖర్చులుగా నిలబడతాయి, అదీ స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లకి మంచి సంగతే. కానీ అసలు ఉద్దేశం దానమే అయ్యుండి, డొనేషన్ లిమిట్లు తప్పించుకోడానికి బిజినెస్ అని రాస్తే, బిజినెస్ ఖర్చుల గురించి చెప్పే సెక్షన్ 162లోనే దానికి అడ్డు ఉంది. ఒకే బిల్లుని రెండు చోట్లా వేయకూడదని వేరే చెప్పక్కర్లేదు. కానీ పొరపాటున జరుగుతుంది: ఫోటో పేపర్ బాక్స్ మొత్తం బిజినెస్ కింద ఏడాది మొదట్లోనే వేసేసి ఉంటారు, అందులోంచి చారిటీకి తీసిన ప్రింట్ల ఖర్చు మళ్లీ డొనేషన్ కింద రాస్తారు.

రిసీట్లు ఎలా ఉండాలి?

ఒక్కో ఖర్చు 250 డాలర్ల లోపు అయితే మీ బిల్లులు, కార్డ్ స్టేట్‌మెంట్, మైలేజ్ లాగ్, మీరు ఎవరి కోసం చేశారో తెలిపే ఈమెయిల్ లాంటివి దాచుకోండి. ఒకే ఖర్చు 250 లేదా అంతకి మించి ఉంటే, ఫ్లైట్ టికెట్ లాంటివి, మీ బిల్లుతో పాటు ఆ సంస్థ నుంచి లెటర్ కూడా కావాలి. ఆ లెటర్‌లో మీరు ఏం సేవ చేశారో, దానికి బదులుగా వాళ్లు మీకు ఏమైనా ఇచ్చారా లేదా, ఇస్తే దాని విలువ ఎంతో ఉండాలి. మీ సేవ విలువ డాలర్లలో రాయాల్సిన అవసరం లేదు, రాయకపోతేనే మంచిది. "ఫలానా తేదీన మా వార్షిక కార్యక్రమానికి వాలంటీర్‌గా ఫోటోగ్రఫీ చేశారు, దీనికి బదులుగా మేము ఎలాంటి వస్తువులు, సేవలు ఇవ్వలేదు" అని సంస్థ పేరుతో ఉంటే చాలు.

ఈ లెటర్ మీరు రిటర్న్ ఫైల్ చేసేలోపు, లేదా ఎక్స్‌టెన్షన్‌తో కలిపి గడువు తేదీలోపు, ఈ రెండిట్లో ఏది ముందైతే ఆలోపు చేతిలో ఉండాలి. ఆడిట్ వచ్చాక తెచ్చుకున్నది చెల్లదు. 2011లో ట్యాక్స్ కోర్టులో ఒక కేసు ఉంది, అనాథ పిల్లుల్ని ఇంట్లో పెట్టుకుని ఒక సంస్థ తరఫున చూసుకునే వాలంటీర్‌ది. మేత, వైద్యం లాంటి ఖర్చులకి డిడక్షన్ ఇవ్వాల్సిందేనని కోర్టు ఒప్పుకుంది, వాలంటీర్లందరికీ అది పెద్ద ఊరట. కానీ 250 దాటిన ఖర్చులకి మాత్రం సంస్థ నుంచి లెటర్ లేదని కొట్టేసింది. ఖర్చు నిజం, పని నిజం, ఒక్క కాగితం లేక పోయింది. అందుకే ఈవెంట్ అయిన వారంలోనే లెటర్ అడిగేయండి, కమిటీవాళ్లు కూడా ఆ ఉత్సాహంలోనే ఉంటారు, వెంటనే ఇస్తారు.

నేను తీసిన ఫోటోని పెద్ద ప్రింట్ వేయించి ఫ్రేమ్ కట్టి ఆక్షన్‌కి ఇచ్చాను, 900కి అమ్ముడుపోయింది. 900 రాసుకోవచ్చా?

ఇది సర్వీస్ కాదు వస్తువే కదా, విలువ మొత్తం వస్తుందని చాలామంది అనుకుంటారు. రాదు. మీరే సృష్టించిన ఫోటో మీ చేతిలో ఉన్నంతవరకు క్యాపిటల్ అసెట్, అంటే పెట్టుబడి లాంటి ఆస్తి, కాదు, అమ్మితే వచ్చేది మామూలు ఇన్‌కమే. అలాంటి వస్తువు దానం చేస్తే డిడక్షన్ మీకు పడిన ఖర్చు వరకే: పేపర్, ఇంక్, ఫ్రేమ్, ల్యాబ్ బిల్లు. అవి కూడా ముందే బిజినెస్ ఖర్చుగా తీసేసి ఉంటే ఇక మిగిలేది సున్నా.

అదే ప్రింట్‌ని మీ దగ్గర ఎవరో 200కి కొని, ఏడాది పైన గోడకి పెట్టుకుని, దాని విలువ పెరిగాక ఒక మ్యూజియంకి ఇచ్చారనుకోండి, మ్యూజియం దాన్ని కలెక్షన్‌లో పెట్టుకుంటే వాళ్లకి అప్పటి మార్కెట్ విలువ మొత్తం డిడక్షన్ వస్తుంది. కొన్నవాళ్లకి పూర్తి విలువ, తీసినవాళ్లకి కాగితం ఖర్చు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో మింగుడుపడనిది ఇదొక్కటే, టైమ్ గురించిన రూల్‌కి లెక్క ఉంది, దీనికి అంత బలమైన లెక్క కనిపించదు.

ఎప్పుడూ ఇలా లేదు. 1969 ట్యాక్స్ రిఫార్మ్ చట్టానికి ముందు ఆర్టిస్టులు తమ పనిని మ్యూజియంకి ఇస్తే మార్కెట్ విలువ రాసుకునేవాళ్లు. తర్వాత దీన్ని కొంతైనా మార్చాలని వెర్మాంట్ సెనేటర్ ప్యాట్రిక్ లేహీ ఆర్టిస్ట్ మ్యూజియం పార్ట్‌నర్‌షిప్ బిల్లు పేరుతో చాలాసార్లు ప్రవేశపెట్టారు, ఆయన స్వయంగా ఫోటోలు తీసే మనిషి, ఆ బాధ తెలుసు. బిల్లు చట్టం కాలేదు.

ఆ ప్రింట్ మా ఆవిడకి గిఫ్ట్ ఇచ్చి, ఆవిడ పేరుతో డొనేట్ చేస్తే?

తెలివైన ఆలోచనే, కానీ చట్టం రాసినవాళ్లకి ముందే తట్టింది. గిఫ్ట్‌గా వచ్చిన వస్తువుకి మీ ఖర్చు లెక్కే ఆవిడకీ వస్తుంది, క్యాపిటల్ అసెట్ కాకపోవడం కూడా అలాగే వెంట వస్తుంది. ఫోటోగ్రాఫర్ చనిపోయాక వారసులకి వచ్చిన ప్రింట్ల సంగతి వేరు, వాటికి ఆ రోజు మార్కెట్ విలువే కొత్త లెక్క.

సైలెంట్ ఆక్షన్‌కి ఫ్యామిలీ ఫోటో సెషన్ సర్టిఫికెట్ ఇచ్చాను?

అది కాగితం మీద రాసిన మీ టైమే, కాబట్టి డిడక్షన్ లేదు. ఆ సెషన్‌లో ప్రింట్లు కూడా ఇస్తే వాటి ఖర్చు మాత్రం. కొన్నవాళ్లకి కూడా పూర్తిగా రాదు: 400 విలువ చేసే సెషన్‌ని తెలిసి 550కి కొంటే 150 మాత్రమే డొనేషన్. ఇవ్వడం మానేయమని కాదు, కొత్త కుటుంబాలు పరిచయమవుతాయి, కానీ ఎన్ని ప్రింట్లు, ఎన్ని గంటలు, ఎప్పటిలోగా వాడుకోవాలి అన్నది సర్టిఫికెట్ మీదే రాయండి.

పాత ఫోటోలు వాళ్ల వెబ్‌సైట్‌లో వాడుకోమని ఇచ్చాను, లైసెన్స్ ఫీజు విలువ వస్తుందా? స్టూడియో ఒక రోజు ఫ్రీగా ఇస్తే అద్దె?

రెండూ రావు, కారణం ఒకటే. ఫోటో కాపీరైట్ మీ దగ్గరే ఉంది, వాడుకునే హక్కు మాత్రం ఇచ్చారు. స్టూడియో మీదే, ఒకరోజు వాడుకోనిచ్చారు. వస్తువు మొత్తం ఇవ్వకుండా వాడకం మాత్రం ఇస్తే డొనేషన్‌గా లెక్కించరు. కెమెరా అప్పుగా ఇచ్చినా అంతే.

వాడని పాత కెమెరా స్కూల్ ఫోటో క్లబ్‌కి ఇస్తే?

ఇంట్లో సొంతానికి వాడుకున్నదైతే, మంచి కండిషన్‌లో ఉంటే, ఇప్పుడు సెకండ్‌హ్యాండ్‌లో ఎంత పలుకుతుందో అంత రాసుకోవచ్చు. 2000 పెట్టి కొన్నది ఇప్పుడు 600 చేస్తే 600. ఏడాదిలో ఇలా వస్తువుల రూపంలో ఇచ్చినవి మొత్తం 500 దాటితే ఫారం 8283 జత చేయాలి, ఒక వస్తువు 5000 దాటితే అప్రైజల్ కూడా. బిజినెస్ కింద మొత్తం ఖరీదు ముందే రాసేసుకున్న కెమెరా అయితే దాదాపు ఏమీ రాదు, ఎందుకంటే ఆ లాభం ఇంతకుముందే తీసేసుకున్నారు.

ఏ సంస్థ అయినా పర్వాలేదా? ఇండియాలో ట్రస్ట్‌కి చేస్తే?

సాధారణంగా 501సీ3, అంటే చారిటీగా ఐఆర్ఎస్ గుర్తింపు, ఉన్న అమెరికా సంస్థ అయ్యుండాలి. ఐఆర్ఎస్ వెబ్‌సైట్‌లో ట్యాక్స్ ఎగ్జెంప్ట్ ఆర్గనైజేషన్ సెర్చ్ ఉంటుంది, పేరు కొట్టి చూసుకోండి, నాన్‌ప్రాఫిట్ అని చెప్పుకునే ప్రతిదీ ఇందులోకి రాదు. గుళ్లు, చర్చిలు, మసీదులు విడిగా అప్లై చేయకపోయినా అర్హత ఉండొచ్చు కాబట్టి లిస్టులో కనపడకపోతే వాళ్లనే అడగండి. వ్యాపార సంఘాలు, రాజకీయ ప్రచారాలు రావు. ఎలక్షన్‌లో మీకు నచ్చిన క్యాండిడేట్‌కి ఫోటోలు తీసి పెట్టిన ఖర్చు డొనేషన్ కాదు.

ఇండియాలో ట్రస్ట్‌కి, అనాథాశ్రమానికి డైరెక్ట్‌గా చేస్తే అమెరికా రిటర్న్‌లో రాదు. కానీ అమెరికాలో రిజిస్టర్ అయిన సంస్థ అక్కడ చేసే కార్యక్రమానికి, ఆ సంస్థ తరఫున వెళ్లి తీస్తే ఖర్చులు రావొచ్చు. ఇక కష్టాల్లో ఉన్న ఒక కుటుంబానికి మీరే మనసుపడి ఫ్రీగా తీసి ఇస్తే, ఎంత గొప్ప పని అయినా సరే, వ్యక్తికి ఇచ్చింది డొనేషన్ కాదు. అదే ఒక సంస్థ ద్వారా వెళ్తే వేరు. నౌ ఐ లే మీ డౌన్ టు స్లీప్ అని కొలరాడోలో 2005లో మొదలైన సంస్థ ఉంది, పుట్టగానే బిడ్డని పోగొట్టుకున్న తల్లిదండ్రులకి ఆ బిడ్డతో ఫోటోలు ఉచితంగా తీసి ఇస్తారు వాలంటీర్ ఫోటోగ్రాఫర్లు. అర్ధరాత్రి ఫోన్ వస్తే హాస్పిటల్‌కి వెళ్తారు. ఆ కుటుంబాలకి మిగిలేది ఆ ఫోటోలే. అలాంటి పనికి ట్యాక్స్‌లో వచ్చేది మైలుకి 14 సెంట్లు, పార్కింగ్ రిసీట్, ప్రింట్ల ఖర్చు, అయినా వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు.

ఆ చారిటీ యాన్యువల్ రిపోర్ట్‌లో నా ఫోటోగ్రఫీకి 3000 విలువ చూపించారు. వాళ్లు చూపిస్తే నేనెందుకు చూపించకూడదు?

అది వాళ్ల అకౌంటింగ్ రూల్. ప్రత్యేక నైపుణ్యం ఉన్నవాళ్లు ఉచితంగా చేస్తే, లేకపోతే ఆ సంస్థ డబ్బిచ్చి చేయించుకోవాల్సిన పనే అయితే, దాన్ని వాళ్ల పుస్తకాల్లో ఇన్‌కమ్‌గా, ఖర్చుగా రెండువైపులా చూపిస్తారు. ఐఆర్ఎస్‌కి ఇచ్చే ఫారం 990లో మాత్రం ఉచిత సేవల విలువని రాబడిలో కలపరు. మీ రిటర్న్‌కి ఆ 3000తో సంబంధం లేదు.

ఫోటోలు తీసినందుకు వాళ్ల మ్యాగజైన్‌లో ఫుల్ పేజీ యాడ్ ఇచ్చారు, అది మంచిదే కదా?

మంచిదే, కానీ అప్పుడది దానం కాదు, ఇచ్చిపుచ్చుకోవడం. ఆ యాడ్ మామూలుగా 500కి అమ్ముతుంటే మీకు 500 ఇన్‌కమ్ వచ్చినట్టు షెడ్యూల్ సీలో చూపించాలి, అది యాడ్ ఖర్చు కూడా కాబట్టి చాలావరకు అటూ ఇటూ సరిపోతుంది. ఫోటో కింద మీ పేరు వేయడం, స్టేజ్ మీద థాంక్స్ చెప్పడం మాత్రం ఇందులోకి రావు. గాలా డిన్నర్ టేబుల్ ఇస్తే దాని విలువని మీరు రాసుకునే ఖర్చుల్లోంచి తీసేయాలి.

ఇంత చేసి చివరికి నాకు నిజంగా ఎంత మిగులుతుంది?

మీరు ఐటమైజ్ చేస్తేనే, అంటే స్టాండర్డ్ డిడక్షన్ బదులు షెడ్యూల్ ఏలో ఒక్కొక్కటిగా రాస్తేనే, ఇవన్నీ పనికొచ్చేవి. 2025కి స్టాండర్డ్ డిడక్షన్ సింగిల్‌కి 15750, జాయింట్‌గా ఫైల్ చేసేవాళ్లకి 31500. ఇంటి లోన్ వడ్డీ, స్టేట్ ట్యాక్స్, డొనేషన్లు అన్నీ కలిపినా అంత రాకపోతే మీ 8 డాలర్ల మైలేజ్ వల్ల రిటర్న్‌లో ఏం మారదు.

2026 నుంచి రెండు మార్పులున్నాయి. ఐటమైజ్ చేయనివాళ్లు కూడా క్యాష్ డొనేషన్లు సింగిల్ అయితే 1000 దాకా, జాయింట్ అయితే 2000 దాకా తీసేసుకోవచ్చు. 2020, 2021లో ఇలాంటిదే 300 డాలర్లది ఉన్నప్పుడు వాలంటీర్ సొంత జేబులోంచి పెట్టిన ఖర్చుని కూడా ఐఆర్ఎస్ క్యాష్ లెక్కలోనే వేసింది, కాబట్టి రిసీట్లు ఇప్పటినుంచే దాచుకుని, ఫైల్ చేసేటప్పుడు మీ సీపీఏని ఈ మాట అడగండి. రెండోది, ఐటమైజ్ చేసేవాళ్లకి మొత్తం ఆదాయంలో, అంటే ఏజీఐలో, మొదటి 0.5 శాతం డొనేషన్లు లెక్కలోకి రావు. రెండు లక్షల డాలర్ల ఏజీఐ ఉన్న కుటుంబానికి మొదటి 1000 డాలర్లు పోయినట్టే.

సేల్స్ ట్యాక్స్ గురించి ఏమైనా చూసుకోవాలా?

బిజినెస్ ఉన్నవాళ్లు చూసుకోవాలి. రీసేల్ సర్టిఫికెట్ చూపించి ట్యాక్స్ లేకుండా కొన్న ఫ్రేములు, ఆల్బమ్‌లు అమ్మకుండా ఉచితంగా ఇచ్చేస్తే కొన్ని స్టేట్లలో వాటి కొన్న ధర మీద, అప్పుడు కట్టని సేల్స్ ట్యాక్స్‌కి బదులుగా, యూజ్ ట్యాక్స్ మీరే కట్టాలి, కొన్ని స్టేట్లలో చారిటీకి ఇస్తే మినహాయింపు ఉంటుంది. మీ స్టేట్ రెవెన్యూ డిపార్ట్‌మెంట్ సైట్‌లో విత్‌డ్రా చేసిన ఇన్వెంటరీ, డొనేటెడ్ ఐటమ్స్ అన్న మాటలతో వెతికితే దొరుకుతుంది.